ఎదురు రాయి

రాణెమ్మ చెంప మీద ఉప్పుకాగితం రుద్దుతున్న సీతాబాయికి కింది నుంచి పెంటయ్య గొంతు వినిపించింది.

"ఓ ఏసురత్నం, జర ఇటు రా. పైకి చూడు. ఏం కనబడుతుంది నీకు?"

సూపర్‌వైజర్ ఏసురత్నం హెల్మెట్ వెనక్కి తోసుకుని పైకి చూశాడు. ఎర్ర ఇటుక రంగు గోడ, గోడ నిండా కమానులు, ఒక్కో కమాను నడినెత్తిన ఒక్కో మొహం. కిరీటం పెట్టుకున్నావిడ, ద్రాక్షగుత్తులు తలకు చుట్టుకున్న కుర్రాడు, నోరు తెరిచిన సింహం, ఛాతీ దాకా గడ్డం ఉన్న ముసలాయన. వాటి పైన ఆకులు, తీగలు చెక్కిన పొడుగాటి కార్నీసు. ఆ పైన గడియారం గోపురం. ఎప్పుడో రాణిగారి కాలంలో లండన్‌లో బ్యాంకులు, బట్టల దుకాణాలు ఇలాగే కట్టేవారట. ఆర్కిటెక్టు చైతన్య ఫొటోలు చూపిస్తే పెంటయ్య మురిసిపోయాడు. చుట్టూ అన్నీ అద్దాల బిల్డింగులే, మనది వేరేగా ఉండాలన్నాడు. పుప్పాలగూడ మలుపులో, వాళ్ళ తాత జొన్నలు వేసిన చెలకలో, ఇప్పుడు ఆటోవాళ్ళు కూడా లండన్ బిల్డింగ్ అని పిలిచే ఈ భవనం లేచింది. మొహాలన్నీ జీడిమెట్లలో ఫైబరు కలిపిన సిమెంటుతో పోత పోసి లారీల్లో తెచ్చినవి. వాటికి పేర్లు పెట్టింది మాత్రం కూలీలే. రాణెమ్మ, ద్రాక్షపండ్ల పిలగాడు, గడ్డపాయన.

"మొహాలండి," అన్నాడు ఏసురత్నం.

"మొఖాలే. కండ్లేవి?"

"అవి అంతేనండి. చైతన్య గారు చెప్పారు గదండి, ఆ కాలం బొమ్మలకి కనుపాపలు ఉండవంట. నున్నగా వదిలేస్తారంట."

"ఆయనకేం, చెప్తడు. ఓపెనింగుకు మా కులపోళ్ళొస్తరు, ఊరంత వస్తది. గుమ్మం మీద గిన్ని గుడ్డిమొఖాలు పెట్టుకున్నడు పెంటయ్య అని నవ్వుతరు. నిన్న మా అమ్మ చూసి లోపల అడుగు పెట్టనన్నది. ఎల్లుండి కిరాయి కంపెనీవోళ్ళు చూడనీకి వస్తున్నరు. గప్పటికల్ల కండ్లు పెట్టించు."

"చైతన్య గారికి ఒక్క మాట చెప్పి..."

"బిల్డింగ్ నాదా, చైతన్యదా?"

పెంటయ్య కారెక్కి వెళ్ళిపోయాడు. ఏసురత్నం పరంజా వైపు నడిచాడు. ముందు వాకిట్లో పరిచిన నల్ల గ్రానైటు పలకల్లో ఒకటి కొంచెం వేరే రంగులో ఉంటుంది. ఆ పలక దగ్గరికి రాగానే పక్కకి జరిగి, చుట్టూ తిరిగి వచ్చాడు. ఎప్పుడూ అంతే. పైనున్న సీతాబాయి అది చూసింది. రోజూ చూస్తుంది.

"సీతమ్మా, నువ్వు వినాయకుళ్ళకి కళ్ళు పెడతావని మీ ఆయన ఓంకార్ చెప్పేవాడు."

"పెడ్త సార్. ధూల్‌పేటల మా అత్త నేర్పింది. పండుగ సీజను వస్తె నాకు అదే పని."

"అయితే వీటికీ పెట్టెయ్. రేపు సాయంత్రానికి అయిపోవాలి."

సీతాబాయి ఉప్పుకాగితం మడిచి నడుములో దోపుకుంది. చేతి వేళ్ళ మధ్య తెల్లటి పొడి. ఆ పొడి చేత్తోనే నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసుకుంది.

"గీటికి పెట్టొద్దు సార్. కండ్లు పెడ్తె అది ఇగ బొమ్మ గాదు. చూస్తది. దీపం చూపియ్యాలె, ఆకర్కి తీస్కపోయి నీళ్ళల్ల కలపాలె. గీటిని ఎవరు కలుపుతరు? గిట్లనే చూసుకుంట ఉంటయా?"

"మా చర్చిలో అసలు బొమ్మలే లేవు, నాకేం చెబుతావమ్మా," అని నవ్వబోయి ఆగిపోయాడు ఏసురత్నం. ప్యాంటు జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఇత్తడిది, కొత్తది.

"ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల రూము. హౌస్‌కీపింగ్‌లో నీ పేరు చెప్పేశాను. ఎల్లుండి కంపెనీవాళ్ళు సరే అంటే ఆ రోజే ఓంకార్‌ని అందులోకి మార్చుకో. పెంటయ్య గారికి కోపం వచ్చిందనుకో, నా చేతిలో ఏం లేదు. షెడ్ల మీదకి జేసీబీ వచ్చేది కూడా ఎల్లుండే."

తాళంచెవి మళ్ళీ జేబులోకి పోయింది. సీతాబాయి చూపు కూడా దాని వెంటే పోయింది.

బిల్డింగ్ వెనక రేకుల షెడ్లు చాలావరకు ఖాళీ అయిపోయాయి. పని అయిపోయినవాళ్ళు మూటలు కట్టుకుని కోకాపేట వైపు వేరే సైట్లకి వెళ్ళిపోయారు. చివరి షెడ్డులో, ఏసీ మిషన్లకి చుట్టి వచ్చిన మందపాటి ఫోము మీద ఓంకార్ పడుకుని ఉన్నాడు. నడుము కింద నుంచి ఒళ్ళు అతని మాట వినదు. తల దగ్గర గోడకి నీళ్ళ సీసా తాడుతో కట్టి ఉంది, చెయ్యి చాపితే అందేలా.

"ఏమే, ఇయ్యాల రాణెమ్మకు పౌడరద్దినవా?"

"అద్దిన. నీకంటె మంచిగున్నది."

"గడ్డపాయన ఎట్లున్నడు?"

"ఉన్నడు."

"ఉంటడు. నన్ను కిందికి దొబ్బి ఆయన పైన కూసున్నడు."

"గట్టిగ అనకు." సీతాబాయి తడిగుడ్డ పిండుతూ తలుపు వైపు చూసింది. "నువ్వు పడ్డది గీడ. షెడ్డు కాడ. వానకు కాలు జారి."

"అవునవును, మర్శిన." ఓంకార్ రేకుల కప్పు వైపు చూస్తూ నవ్వాడు. "షెడ్డుల నిలబడి పడితె నడుము ఇరిగింది. ఎంత పొడుగోన్ని నేను!"

ఆమె నవ్వలేదు. అతని భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి పక్కకి తిప్పింది. అది రోజుకి ఎన్నోసార్లు చేసే పని. ఎడమ తుంటి మీద పుండు అంచులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. దవాఖానలో నర్సు చెప్పింది, గాలి తగలాలి, చెమ్మ ఉండొద్దు, తిప్పుతూనే ఉండాలి అని. కింద నేల చెమ్మ. వాన పడితే ఫోము కూడా తడుస్తుంది.

"దవాఖానల నేను గదే మాట చెప్పిన," అంది పుండు చుట్టూ తుడుస్తూ. "సైటు మీద పడ్డడంటె పోలీసులొస్తరు, పని ఆగుతది, మిమ్మల్ని ఆ రోజే బయటికి పంపుతరు అన్నడు ఏసురత్నం సారు. షెడ్డు కాడ పడ్డడంటె రూమిస్తమన్నడు. ఒక్కసారి అన్న మాట ఇగ మారదు. నువ్వు గూడ మార్చకు."

కాసేపటికి ఆమే కళ్ళ సంగతి చెప్పింది. అతను మెడ తిప్పి చూశాడు.

"ఎదురు ఏడ పెడ్తవ్?"

అది వాళ్ళ అత్త మాట. బొమ్మకి కళ్ళు పెట్టే ముందు, రేపు మొక్కేవాళ్ళు ఎక్కడ నిలబడతారో అక్కడ నేల మీద ఒక ఇటుక పెట్టి, కుంకుమ బొట్టు పెట్టేది. దాన్ని ఎదురు అనేది. కనుపాప ఆ ఇటుకని చూసేటట్టు పెట్టాలి. ఎదురు లేని కన్ను గాలిలోకి చూస్తుంది, పిచ్చిచూపు అవుతుంది, అది ఎవరికీ మంచిది కాదు అనేది.

"చూస్త," అంది సీతాబాయి.

"ఆ రూముల కిటికీ ఉన్నదా?"

"ఉన్నది. ముందు వాకిలి కనబడ్తది."

"మనుషులు కనబడ్తరా?"

"ఆఫీసులోళ్ళంత గాడికెల్లే పోతరు."

ఓంకార్ కళ్ళు మూసుకున్నాడు. "అయితె పెట్టేయ్."

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక ఇటుక తెచ్చి వాకిట్లో పెట్టింది. నల్లటి, ముదురు గోధుమ రంగు డబ్బాలు, సన్న కుంచెలు పట్టుకుని పైకెక్కి చూస్తే ఇటుక లేదు. ట్రాలీ నడిపేవాడు అడ్డమని పక్కకి తన్నేశాడు. కిందికి దిగి మళ్ళీ పెట్టింది. ఈసారి ఊడ్చేవాళ్ళు చెత్తలో వేసుకుపోయారు. ఎండ ఎక్కుతోంది, రంగు డబ్బాలో మీగడ కడుతోంది.

"ఇంకా మొదలుపెట్టలేదా?" కింది నుంచి ఏసురత్నం అరిచాడు.

సీతాబాయి వాకిలంతా చూసింది. పైనుంచి చూస్తే పలకలన్నీ ఒక్కలాగే, నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. కన్ను ఆనుకోవడానికి గుర్తు అన్నదే లేదు. ఒక్కటి తప్ప. ఆ ఒక్క పలక కొంచెం బూడిద రంగు. పాతదాని మీద మరక ఎంత కడిగినా పోకపోతే తీసేసి వేరేది వేశారు. అదే రంగు రాయి దొరకలేదు.

ఆమె చాలాసేపు దానివైపు చూడకుండా వేరే గుర్తు వెతికింది. తర్వాత కుంచె ముంచింది.

రాణెమ్మతో మొదలుపెట్టింది. ముందు గుండ్రంగా గోధుమ రంగు, మధ్యలో నలుపు, పైన రెప్ప నీడ పడేచోట సన్నగా ఒక గీత. ఊపిరి బిగపట్టి ఒక కన్ను, వదిలి, మళ్ళీ బిగపట్టి ఇంకో కన్ను. ప్రతిసారీ మెడ తిప్పి పలకని చూడడం, మళ్ళీ మొహం వైపు తిరగడం. ద్రాక్షపండ్ల పిలగాడు కుడివైపు చివర ఉన్నాడు, అతని చూపు ఏటవాలుగా పోవాలి. కనుపాపలు మూలకి జరిపింది. సింహానికి తల వంచి చూస్తున్నట్టు పెట్టింది. పరంజా ఒక్కో అరలోకి పాకుతూ, మధ్యాహ్నం అన్నం కూడా పైనే తిని, సాయంత్రానికి ఆ గోడ మీద మొహాలన్నిటికీ చూపు ఇచ్చింది.

ఆఖరికి గడ్డపాయన మిగిలాడు. ఆయన సరిగ్గా ప్రధాన ద్వారం మీద, బూడిద పలకకి నిట్టనిలువుగా పైన ఉన్నాడు. పడ్డ రోజున ఓంకార్ ఆయన్నే రెండు చేతులతో ఎత్తి పెట్టాడు. బోల్టు బిగించడానికి వంగాడు. కాలి కింద చెక్క జరిగింది.

ఆమె కుంచె ముంచింది. చెయ్యి ఆ కంటి దాకా పోయి ఆగింది. రంగు చుక్క ఒకటి గడ్డం మీద పడితే గబగబా కొంగుతో తుడిచింది. మళ్ళీ చెయ్యి ఎత్తింది. పెట్టలేకపోయింది. కార్నీసు నీడ ఆయన నుదుటి దాకా కప్పేస్తోంది, కింది నుంచి ఎవరికీ తెలియదు. డబ్బా మూత పెట్టి దిగిపోయింది.

కంపెనీ తరఫున వచ్చినావిడ పేరు లీదియా. మూడు అంతస్తులు కిరాయికి తీసుకునేది వాళ్ళే, ఆవిడ సరే అంటే అంతా సరే. పరంజా అప్పటికే విప్పేశారు. పెంటయ్య తెల్లచొక్కా వేసుకుని ముందు నడుస్తున్నాడు. బెంగళూరు నుంచి తెల్లవారుజామున దిగిన చైతన్య ఫోనులో ఏదో చూపిస్తూ పక్కనే వస్తున్నాడు. వెనక ఏసురత్నం. ఇంకా వెనక, మెట్ల మీద చివరి మరకలు తుడవడానికి సీతాబాయి. బిల్డింగ్ వెనక జేసీబీ ఇంజిను మొదలైన చప్పుడు వినిపిస్తోంది.

లీదియా వాకిట్లో నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగింది.

"ఆగండాగండి. వీళ్ళందరూ నన్నే చూస్తున్నారేంటండీ?"

అందరూ పైకి చూశారు. ఆవిడ ఒక అడుగు పక్కకి వేసింది. "ఇక్కడ లేదు." మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఇదిగో, ఇక్కడ నిలబడితేనే. అమ్మో, ఒళ్ళు జలదరించింది."

ఆవిడ నిలబడింది బూడిద పలక మీద.

చైతన్య మొహం ఎర్రబడింది. "ఎవరు చేశారిది? ఏసురత్నం గారూ, ఐబాల్స్ బ్లాంక్‌గా ఉండాలని డ్రాయింగ్‌లో ఉంది కదా! బిల్డింగ్ ముందు ఫసాడ్ మొత్తం పాడైపోయింది. ఇది విక్టోరియన్ బిల్డింగా, వినాయకుడి మండపమా?"

ఏసురత్నం పెంటయ్య వైపు చూశాడు. పెంటయ్య గడియారం గోపురం వైపు చూశాడు, టైము సరిగ్గా ఉందా లేదా అన్నట్టు.

"లేబర్ అండి," అన్నాడు ఏసురత్నం, గొంతు సవరించుకుని. "ఈవిడే. మాకెవరికీ చెప్పకుండా... వీళ్ళ నమ్మకాలు వీళ్ళవి. ఇవాళే తీసేయిస్తానండి. మనిషిని కూడా."

సీతాబాయి చేతిలో గుడ్డలోంచి నీళ్ళు మెట్టు మీదకి కారుతున్నాయి. ఆమె ఏసురత్నం మొహం వైపు చూడలేదు. ఆయన ప్యాంటు జేబు వైపు చూస్తోంది. ఆయన చెయ్యి ఆ జేబులోనే ఉంది.

లీదియా దగ్గరికొచ్చింది. కోపంగా లేదు, అదే కష్టంగా ఉంది. "నువ్వేనా అమ్మా పెట్టింది? ఎందుకిలా, అందరూ ఒక్కచోటికే? ఇక్కడ ఏముంది?"

జేసీబీ వెనక్కి వస్తున్న కూత, తర్వాత ఒక రేకు పడ్డ చప్పుడు. ఏ షెడ్డుదో తెలియదు. ఓంకార్ అక్కడే ఉన్నాడు.

"ఏం లేదమ్మా," అంది సీతాబాయి. "ఏం లేదు గీడ. దేవుని కండ్లు గడపకు వచ్చెటోళ్ళను చూడాలె. అట్ల పెడ్తె వచ్చినోళ్ళకు మంచి జరుగుతది. అందుకే పెట్టిన."

లీదియా మొహం విప్పారింది. "అబ్బా! అంటే వచ్చినవాళ్ళని పలకరిస్తున్నట్టా? ఎంత బాగుందండీ!"

"నేనే చెప్పిన మేడమ్!" అన్నాడు పెంటయ్య, గోపురం మీద నుంచి చూపు దించి. "మన పద్ధతి, వాళ్ళ బిల్డింగ్. రెండు కలవాలె అన్న."

చైతన్య కూడా ఆ పలక మీద నిలబడి చూశాడు. ఫోను తీసి ఒక ఫొటో తీసుకున్నాడు. "ఓకే... ఒక స్టోరీ అయితే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "దీన్ని సెల్ఫీ పాయింట్ చేయొచ్చు. పలక చుట్టూ ఇత్తడి అంచు వేద్దాం."

వాళ్ళు లోపలికి వెళ్ళాక ఏసురత్నం వెనక్కి వచ్చాడు. బూడిద పలకని చుట్టి వచ్చాడు. తాళంచెవి ఆమె తడిచేతిలో పెట్టాడు.

"ఏమనుకోకు సీతమ్మా. మంచిమాట చెప్పావు."

ఆమె పరుగెత్తింది, షెడ్డు వైపు.

రూము మంచిదే. నేలకి టైల్స్, పైన ఫ్యాను, కిటికీ. ట్రాన్స్‌ఫార్మర్ హోరు మాత్రం ఎప్పుడూ ఉంటుంది, తేనెటీగల్లాగా. ఓంకార్ మంచాన్ని కిటికీకి ఆనించి వేసింది. మొదటిరోజంతా అతను కిటికీలోంచి చూస్తూ, పోయేవాళ్ళందరికీ పేర్లు పెట్టాడు. ఫోనులో అరిచేవాడు జగడాలయ్య, ఎప్పుడూ పరిగెత్తేవాడు బస్సు దొరకనయ్య. సీతాబాయి చాలా రోజుల తర్వాత పళ్ళు కనబడేలా నవ్వింది. పుండు అంచులు పొడిబారుతున్నాయి.

ఓపెనింగుకి పెంటయ్య వాళ్ళ ఊరంతా వచ్చింది. అందరి చూపూ ఎక్కడ పడుతుందో దిష్టి కూడా అక్కడే పడుతుందని, పంతులు పెద్ద గుమ్మడికాయలో కుంకుమ నింపి తెచ్చి ఇత్తడి అంచు వేసిన ఆ పలక మీదే పగలగొట్టించాడు. ఎర్రటి నీళ్ళు నాలుగు వైపులా పాకాయి. జనం చెప్పులకి అంటుకుంటుందని పక్కకి దూకారు, నవ్వారు.

"అమ్మా, హౌస్‌కీపింగ్, జల్దీ తుడువ్!" అన్నాడు పెంటయ్య.

నీలం రంగు యూనిఫాంలో సీతాబాయి మాప్ పట్టుకొచ్చింది. పలక దగ్గర ఆగి చెప్పులు విడిచింది. వంగి చేత్తోనే తుడిచింది. ఎన్నిసార్లు తుడిచినా ఇత్తడి అంచు సందుల్లో ఎరుపు కొంచెం ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆ పలక దగ్గర ఎప్పుడూ జనమే. మెడలో ఐడీ కార్డులతో పిల్లలు వరుస కట్టి నిలబడేవాళ్ళు. ఒక్కొక్కరు పలకెక్కి ఫోను ఎత్తి, వెనక మొహాలన్నీ తమనే చూసేలా ఫొటో దిగేవాళ్ళు. నాలుక బయటపెట్టేవాళ్ళు, రెండు వేళ్ళు చూపించేవాళ్ళు. కొందరు సరదాగా దండం పెట్టేవాళ్ళు.

"గా జాగల జాతరేందే?" అడిగాడు ఓంకార్.

"ఫొటోలు దిగుతున్నరు."

"గాడనే ఎందుకు?"

"ఏమో. వాళ్ళ ఇష్టం."

అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆమె అన్నం కలుపుతోంది.

"గది నేను పడ్డ జాగ గద."

కలిపే చెయ్యి ఆగింది. "నీకు యాదికున్నదా?"

"నాకేడ యాదికుంటది. పడెటోనికి జాగ కనబడ్తదా? నువ్వు ఊడుస్తుంటె చూస్తున్న. వాకిలంత చెప్పులేసుకోని ఊడుస్తవు. గాడికొచ్చి ఇడుస్తవు."

సీతాబాయి ముద్ద చేసి అతని నోటి దగ్గరికి తెచ్చింది. అతను నోరు తెరవలేదు.

"ఎదురు గాడ పెట్టినవా?"

"వేరె గుర్తు దొరకలే," అంది. "పైకెల్లి చూస్తె అదొక్కటే కనబడ్డది. నేనేం చేసేది?"

"కిటికీ మూయ్."

మూసింది. అతను గోడ వైపు తిప్పమన్నాడు, తిప్పింది. ఆ తర్వాత ఇటు తిరగనన్నాడు. సాయంత్రం తిప్పబోతే మంచం చట్రం పట్టుకుని వదల్లేదు. చేతుల్లో బలం ఇంకా బాగానే ఉంది. మర్నాడూ అంతే. పేర్లు లేవు, నవ్వు లేదు. బయట పిల్లల కేరింతలు మూసిన కిటికీలోంచి కూడా వినిపిస్తున్నాయి. ఒరిగిపడుకున్న వైపు తుంటి కింద చర్మం కందిపోయి మెత్తబడింది. సీతాబాయి గుడ్డతో అద్దుతుంటే పొర వేలికి అంటుకుని వచ్చింది.

"తిరుగు. నీ కాళ్ళు మొక్కుత, జర తిరుగు. దీనికోసమే గద నేను గన్ని అబద్ధాలాడింది. గీ రూము, గీ ఫ్యాను, అంత నీ ఒంటి కోసమే గద."

"నన్ను గాడికి తీస్కపో. తిరుగుత."

"రూము పోతది."

"పోతది," అన్నాడు ఓంకార్ గోడతో.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. పుండు మీద ఈగ వాలితే తోలింది. మళ్ళీ వాలింది, మళ్ళీ తోలింది. తర్వాత లేచి వెళ్ళి, రెండో అంతస్తులో చెయ్యి విరిగిందని పక్కన పడేసిన చక్రాల ఆఫీసు కుర్చీని లిఫ్టులో దించి తెచ్చింది.

మధ్యాహ్నం టీ వేళ. వరుస మెట్ల దాకా ఉంది. చక్రాల చప్పుడుకి అందరూ తిరిగి చూశారు. కుర్చీలో ఓంకార్, పడిపోకుండా ఛాతీకి చుట్టి కట్టిన పాత చీర. వెనక నుంచి తోస్తున్న నీలం యూనిఫాం ఆవిడ. ఎవరూ ఏమీ అనకముందే వరుస దారి ఇచ్చింది. పలక దగ్గర సీతాబాయి చెప్పులు విడిచి, ఇత్తడి అంచు మీంచి కుర్చీని ఎత్తి లోపల పెట్టింది.

ఓంకార్ తల పైకెత్తాడు. రాణెమ్మ చూస్తోంది. ద్రాక్షపండ్ల పిలగాడు మూల నుంచి చూస్తున్నాడు. సింహం తల వంచి చూస్తోంది. అతను ఒక్కొక్కరినీ తీరిగ్గా చూశాడు, చాలా రోజుల తర్వాత బంధువులని చూసినట్టు. ఆఖరికి సరిగ్గా నెత్తి మీదకి చూశాడు.

"గాయనకు కండ్లేవి?"

"గాయన ఒకసారి చూసిండు గద," అంది సీతాబాయి. "మళ్ళ చూడుమననీకి నాకు చెయ్యి రాలే."

"అంకుల్‌కి ఫొటో తీయనా ఆంటీ?" వరుసలో ముందున్న అమ్మాయి అడిగి, జవాబు రాకముందే తీసింది. "చూడండి అంకుల్, భలే వచ్చింది. అంకుల్‌కి ఏమైంది ఆంటీ?"

అప్పుడే పై అంతస్తుల్లో మిగిలిన పని దగ్గర నుంచి ఏసురత్నం హెల్మెట్‌తోనే పరుగున వచ్చాడు. "సీతమ్మా! ఏంటిది? ఎవరు తెమ్మన్నారు? లోపలికి తీసుకెళ్ళు, పెంటయ్య గారు పైనే ఉన్నారు, చూస్తే నీ రూము... తీసుకెళ్ళమ్మా, నా మాట విను."

సీతాబాయి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. పాత అలవాటు, యూనిఫాం మీద కూడా చున్నీ కొంగుకి తాళంచెవి ముడివేసి దోపుకుంటుంది. ఆ ముడిని పట్టుకుంది. అమ్మాయి ఇంకా ఆమె మొహమే చూస్తోంది.

"పడ్డడు బిడ్డా," అంది.

"అయ్యో. ఎక్కడ?"

ఆ రోజు లీదియా అడిగిన ప్రశ్నకీ, దీనికీ జవాబు ఒక్కటే. ముడి ఎంత గట్టిగా పట్టుకుందంటే తాళంచెవి పళ్ళు అరచేతికి గుచ్చుకుంటున్నాయి.

"గీడ. గా గడ్డపాయనను పైన పెట్టుకుంట. షెడ్డు కాడ కాదు, గీడనే. గీ రాయి కొత్తది. పాత రాయికి మరక పోలే."

వరుసలో ఎవరో ఫోను దించారు. ఇత్తడి అంచు మీద కాలు పెట్టి నిలబడ్డ కుర్రాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. అమ్మాయి పైకి చూసింది, కుర్చీ వైపు చూసింది, మళ్ళీ పైకి చూసింది. "అంటే... అందుకేనా వీళ్ళందరూ..."

"గందుకే బిడ్డా."

"ఆవిడకి ఏదో..." అని మొదలుపెట్టాడు ఏసురత్నం.

"చెప్పు సారూ," అన్నాడు ఓంకార్, కోపం లేకుండా, టీ తాగుతావా అని అడిగినట్టు. "నువ్వే గద నన్ను ఎత్తి ఆటోల ఏసింది. నీ అంగి ఖరాబైంది గూడ. గీడ కాదంటవా?"

ఎప్పుడూ చుట్టి పోయే ఆ పలక మీదకి ఏసురత్నం చూపు దిగింది. ఇత్తడి సందులో ఇంకా మిగిలిన ఎరుపు దగ్గర ఆగింది. హెల్మెట్ తీసి రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. కాదు అనలేదు. తాళంచెవి కూడా అడగలేదు. పైన మొహాలన్నీ చూస్తున్న చోటికే చూస్తూ, అవీ ఆయనా ఒకే పని మీద ఉన్నట్టు, కదలకుండా నిలబడిపోయాడు.

వరుస వెనక, ఇవేవీ వినని ఒక కుర్రాడు మునివేళ్ళ మీద లేచాడు.

"ఆంటీ, అయిందా? మా బ్రేక్ అయిపోతోంది."

సీతాబాయి కుర్చీ వెనక నుంచి జరిగి, ఓంకార్ పక్కన ఒట్టి కాళ్ళతో ఆ రాయి మీద నిలబడింది.

"కాలే బిడ్డా," అంది. "ఇంకా కాలే."